పదో సూది

ఆ రోజుల్లో నాకు మెడ అనేది ఒకటుందని గుర్తే ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసులో ఎవరికి మాత్రం ఉంటుంది? పిలిస్తే తిరుగుతుంది, తల కింద ఏదో తన పని తాను చేసుకుపోతోందిలే అనుకుంటాం. రోజూ ఉదయం మోకాళ్ళ మీద కూర్చుని, దేవుడు చేసిన మేళ్ళను ఒక్కొక్కటే తలచుకుని కృతజ్ఞత చెప్పడం మా ఇంట్లో అలవాటు. కళ్ళకు చెప్పాను, కాళ్ళకు చెప్పాను, తిన్న అన్నానికి చెప్పాను, ఒక వేసవిలో కొత్తగా వేయించిన సీలింగ్ ఫ్యానుకు కూడా చెప్పాను. మెడకు మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు. ఆ సంగతి అది మనసులో పెట్టుకుంది కాబోలు. (దేవుడు క్షమిస్తాడు, మెడ క్షమించదు అని నాకు తరువాత తెలిసింది.)

చదువు అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం చార్మినార్ పక్క గల్లీలో, గాజుల టోకు దుకాణంలో. మూడు తరాలుగా అక్కడే వ్యాపారం చేస్తున్న సేఠ్ దగ్గర. పని రెండు రకాలు. ఊళ్ళ నుంచి వచ్చే ఫోన్లు ఎత్తి ఎవరికి ఏ రంగు, ఏ సైజు, ఎన్ని డజన్లు కావాలో వినాలి. వింటూనే ఆ గాజులను గడ్డి పరిచిన డబ్బాల్లో సర్ది ఎర్ర తాడుతో కట్టాలి. చేతులు రెండూ గాజులకే సరిపోయేవి కాబట్టి ఫోనుకు మిగిలింది నా ఎడమ చెవి, ఎడమ భుజం. ఆ రెండింటి మధ్య రిసీవర్ ఇరికించుకుని పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా, ఒక పక్కకు వంగిన కరెంటు స్తంభంలా నిలబడేవాడిని. ఆరు నెలలకు భుజం మీద గోలీకాయంత గడ్డ ఒకటి తగిలింది. తరువాత దానికి తోడుగా ఇంకో రెండు వచ్చాయి. సాయంత్రమయ్యేసరికి నొప్పి మెడ వెనక నుంచి పాకి కంటి దాకా వచ్చి కూర్చునేది. అమ్మ నొప్పి మందు రాసేది, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టేది. చివరికి ఒక సోమవారం పొద్దున లేచేసరికి మెడ ఎడమకు వంగి అక్కడే ఉండిపోయింది. దుకాణానికి వెళ్తే సేఠ్ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏం రా, ఫోన్ కింద పెట్టినంక కూడ ఫోన్‌ల ఉన్నట్టే నిలబడ్డవ్?" అన్నాడు.

ఇక్కడ మా సంఘం గురించి కొంచెం చెప్పాలి. మొఘల్‌పురాలో మాది చిన్న క్రైస్తవ మందిరం. మా వాళ్ళలో చాలామందికి ఆదివారం పగలు డ్యూటీలూ దుకాణాలూ ఉంటాయి కాబట్టి మా ఆరాధన సాయంత్రం ఐదింటికి. నేను డోలక్ వాయించేవాడిని. మా సంఘ పెద్దను అందరూ కరెంటు అంకుల్ అనేవారు, ఎందుకంటే ఆయన లైన్‌మన్. ఆయన గొంతు స్తంభం మీద నుంచి మాట్లాడితే రెండు గల్లీల అవతల వినిపించేది. స్తంభం మీద లేనప్పుడు కూడా అలాగే వినిపించేది. ప్రతి ఆదివారం ఆరాధన మొదలయ్యాక ఆయన గుమ్మం బయటికి వెళ్ళి, మేము విడిచిన చెప్పులన్నీ జతలు జతలుగా వరసలో పెట్టి వచ్చేవాడు. పెద్దరికం అంటే చెప్పుల దగ్గర మొదలవ్వాలని ఆయన నమ్మకం. అందుకే మా సంఘంలో ఎవరి చెప్పులు ఎవరివో, ఎవరి చెప్పు ఏ వైపు అరిగిందో ఆయనకు కంఠతా వచ్చు. (ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోకే దెబ్బతిన్నాను.)

ఆ బుధవారం ప్రార్థన కూటం మా ఇంట్లో. రెండు గదుల్లో ఇరవై మంది, వంటింట్లో పెద్ద గిన్నెడు బగారన్నం, దాల్చా. పాటలయ్యాక అమ్మ, "అన్నా, మావోని మెడ జర చూడున్రి" అంది. కరెంటు అంకుల్ నన్ను నడిమధ్య కూర్చోబెట్టి, నా మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ చెయ్యి ముప్పై ఏళ్ళు తీగలు లాగిన చెయ్యి. ప్రార్థన నా మెడతో మొదలై, మా వీధికీ నగరానికీ దేశానికీ వెళ్ళి, పాలకులను పలకరించి, వానలు అడిగి, స్తంభాలెక్కే లైన్‌మన్లందరి కోసం వేడుకుని, నలభై నిమిషాల తరువాత మళ్ళీ నా మెడ దగ్గరికి వచ్చింది. "ఆమేన్" అని కళ్ళు తెరిచి, "ఎట్లుంది బిడ్డా?" అన్నాడు.

ఎలా ఉంటుంది? పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. కాకపోతే ఆ చేతి బరువుకు ఇప్పుడు కుడి భుజం కూడా నొప్పి మొదలుపెట్టింది. చుట్టూ ఇరవై మొహాలు నన్నే చూస్తున్నాయి. వంటింట్లోంచి మసాలా వాసన వస్తోంది. మూలన ఎవరో పాప, "మమ్మీ, ఇగ తిందమా?" అని అడిగింది. అంకుల్ నా మొహంలో ఏదో తేడా కనిపెట్టి, "తక్కువ గాకుంటే చెప్పు బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఇంకోపారి ప్రార్థన చేద్దాం" అని చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇంకో నలభై నిమిషాలు! నా నోట్లోంచి మాట దానంతట అదే దూకింది: "తక్కువైంది అంకుల్! మస్తు తక్కువైంది!"

ఇల్లంతా "స్తోత్రం" అని మోగిపోయింది. అమ్మ మాత్రం నా వైపు ఒకసారి అదోలా చూసి వడ్డించడానికి లేచింది. అంకుల్ జేబులోంచి చిన్న డైరీ తీసి, "ఆదివారం నీదే సాక్ష్యం" అని రాసుకున్నాడు. అప్పుడు నాకు చెమట పట్టింది. మా దగ్గర సాక్ష్యం అంటే ఆటలు కాదు. మేలు పొందినవాడు సంఘం ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు, ఒక్క మాట కలపకుండా తీయకుండా చెప్పాలి. మామూలుగా ఆడే అబద్ధం ఒక ఎత్తు, సాక్ష్యంలో ఆడే అబద్ధం ఇంకో ఎత్తు. తొలి సంఘంలో అందరి ముందూ అబద్ధమాడి అక్కడికక్కడే పడిపోయిన ఆలుమగల కథ నేను ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేవాడిని. చెప్పడమే కాదు, చార్టు మీద బొమ్మలు కూడా వేశాను. భర్త పడిపోయిన బొమ్మ చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

గురు, శుక్ర, శనివారాలు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలుసు. మొఘల్‌పురాలో ఎటు పోయినా సంఘం వాళ్ళే. వంగిన మెడ కనబడకుండా ఉండటానికి ఒక ఉపాయం కనిపెట్టాను. నా చిన్న ఫోను ఎడమ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నడిచేవాడిని. మూడు రోజులు నేను ఎవరికీ చెయ్యని ఫోనులో, "ఆఁ... ఆఁ... అట్లనా?" అంటూ తిరిగాను. పాలు తేవడానికి వెళ్ళినా ఫోనే, పంపు దగ్గరికి వెళ్ళినా ఫోనే. మా పక్కింటావిడ, "మీ పోరనికి సంబంధం ఏమన్న కుదిరిందా, పొద్దుగూకేదాక ఒక్కటే ముచ్చట్లు!" అని అమ్మను అడిగిందట.

ఇక మిగిలిన దారి ఒకటే అనిపించింది. ఆదివారం సాయంత్రం ఐదింటిలోగా మెడ నిజంగానే బాగుపడితే, నేను బుధవారం చెప్పింది అబద్ధం కాదు. నాలుగు రోజులు ముందుగా చెప్పిన నిజం. (ఇరవై మూడేళ్ళ వయసులో ఈ తర్కం నాకు ఎంత పకడ్బందీగా కనిపించిందో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు.) వైద్యం చేయించుకోవడం తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. శిష్యుల వెంట తిరిగినవాళ్ళలో ఒక వైద్యుడు ఉన్నాడని నాకూ తెలుసు. కానీ బుధవారమే బాగైపోయిన మెడను ఆదివారం వైద్యానికి ఎందుకు తీసుకెళ్తున్నావంటే ఏం చెప్పను? అందుకని రహస్యంగా సేఠ్‌నే అడిగాను. "అరే, ఈ కమాన్ దాటినంక మూడో ఇల్లు, మీది మంజిల్‌ల సూదులేసే డాక్టరమ్మ ఉంది. ఆక్యుపంక్చర్ అంటరు. మా ఇంటామె నెత్తినొప్పి ఆమెనే తక్కువ చేసింది. పో, ఆదివారం గూడ ఉంటది. శుక్రవారమే ఆమెకు సెలవు" అన్నాడు.

ఆదివారం మూడింటికి వెళ్ళాను. మెట్లెక్కి, గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే, కిటికీలకు తెరలు వేసిన చల్లటి గది. యాభై ఏళ్ళావిడ, తెల్ల కోటు, ముక్కు మీద కళ్ళద్దాలు. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలుస్తున్నారు కాబట్టి నేనూ ఆపా అన్నాను. ఆమె పెన్ను తీసుకుని, "నామ్?" అంది. నా నోరు మళ్ళీ దానంతట అదే పనిచేసింది. "రాజు" అన్నాను. నా పేరు రాజు కాదు. "యాడుంటవ్?" అంది. "ధూల్‌పేట" అన్నాను. తరువాత చొక్కా విప్పించి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద లావు దిండు పెట్టి, దాని మీద మొహం ఆనించమని, వేళ్ళతో నా భుజం వెతకడం మొదలుపెట్టింది. గడ్డ దొరకగానే బొటనవేలితో ఒత్తింది. నాకు కళ్ళ ముందు చార్మినార్ నాలుగు మినార్లూ ఎనిమిది అయ్యాయి.

"యా అల్లా, ఇదేంది, గర్దన్‌ల గోలీలు దాచిపెట్టినవా?" అంది. "చూడు బేటా, కండ ఇట్ల గట్టిగ ముడివడ్డోళ్ళు నా తాన రెండే రకాల మంది వస్తరు. ఒకటి, దినమంత వంగి మిషిన్ కుట్టే దర్జీలు. రెండు, ఏదన్న మాట కడుపుల దాచిపెట్టుకుని ఫికర్‌తోని భుజాలు బిగబట్టుకునేటోళ్ళు. నువ్వు ఏ రకం?"

"దర్జీని ఆపా" అన్నాను దిండులోకి.

అప్పుడే పక్క డాబా మీద ఎవరి కోడిపుంజో గట్టిగా కూసింది. పాతబస్తీలో కోళ్ళకు వేళాపాళా ఉండదు, అది నిజమే. కానీ గురువునే ఎరగనని శిష్యుడు ముమ్మారు బొంకాక కోడి కూసిన వాక్యం చదువుకున్నవాడికి, వరసగా మూడు అబద్ధాలాడిన మరుక్షణం కోడి కూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. "హిలో మత్, కదలకు" అని ఆపా మొదటి సూది దింపింది.

సూది అంటే ఇంజెక్షన్ అనుకుని పళ్ళు బిగబట్టాను గానీ, అది వెంట్రుకంత సన్నం. గుచ్చినట్టే తెలియలేదు. కానీ గడ్డలోకి దిగగానే ఆ కండ గాలానికి పడ్డ చేపలా ఒక్కసారి ఎగిరిపడింది. ఆ వెంటనే బరువుగా, లోలోపల ఎవరో ముడి విప్పుతున్నట్టు ఒక తీపి నొప్పి. "ఏక్... దో... తీన్..." అని ఆపా పైకి లెక్కపెడుతూ భుజాల మీద నాలుగు, మెడ వెనక రెండు, బొటనవేలి పక్కన చేతికొకటి, చెవి వెనక ఒకటి పెట్టింది. చివరగా నడినెత్తిన వేళ్ళతో జుట్టు పాయ తీసి, "మాషా అల్లా, ఏం జుట్టు రా నీది, అడవి లెక్కున్నది" అంటూ చర్మం వెంబడి వాలుగా ఒకటి. "దస్. పది పెట్టిన. పది తీస్త. పది లెక్క కాకుంటే నా తానకెల్లి ఎవ్వరు పోవద్దు, అది నా ఉసూల్, నా నియమం. పదిహేనేండ్లల్ల ఒక్క సూయి గూడ పోలే." గోడ మీద పలకపై సుద్దముక్కతో పది అని రాసి, ఫ్యాను నా వైపు తిప్పి వెళ్ళింది.

పావుగంట గడిచింది. నెలల తరబడి బిగిసిన భుజాలు మంచు కరిగినట్టు కిందికి జారుతున్నాయి. ఆ హాయిలో దాదాపు నిద్రపోయాను. ఇంతలో ఫ్యాను మూలిగి ఆగిపోయింది, లైటు ఆరిపోయింది. ఆ ఇంటి ఫ్యూజే పోయింది. ఆపా ఎవరికో ఫోను చేసింది. పది నిమిషాలయ్యాక కింద మెట్ల దగ్గర ఒక గొంతు వినబడింది. రెండు గల్లీల అవతల కూడా వినబడి ఉంటుంది.

"ఏమమ్మా, మీ మీటర్ డబ్బా ఏడున్నది?"

కరెంటు అంకుల్! ఆదివారం నాలుగింటి దాకా ఆయన డ్యూటీ అని నాకెందుకు గుర్తులేదో!

"ఆపా, తీయండి. జల్దీ తీయండి" అన్నాను దిండులోంచి. "ఏమైంది బేటా, చక్కరొస్తుందా?" అంటూ ఆమె తన ఫోను టార్చి వెలిగించుకుని వచ్చింది. ఒక్కొక్కటే తీసి ఇనుప పళ్ళెంలో వేస్తోంది. "ఏక్... దో..." మెట్ల మీద బూట్ల చప్పుడు. "పాంచ్... ఛే..." చప్పుడు దగ్గరైంది. "ఆఠ్... నౌ..." గుమ్మం దగ్గర దగ్గు వినబడింది. నేను లేచి చొక్కా చేతపట్టుకుని వెనక తలుపు వైపు దూకాను. "అరే రాజూ! ఠైర్! ఆగు! ఇంకొకటున్నది!" అని ఆపా అరుస్తూనే ఉంది. ఇంకొకటేదో నాకు అనవసరం అనిపించింది. వెనక మెట్లు రెండేసి దిగి, ఎవరిదో బుర్ఖాల దుకాణం గోదాములోంచి దూరి గల్లీలో పడ్డాను.

గల్లీలో పడ్డాక ఎవరన్నా వస్తున్నారేమోనని వెనక్కి చూశాను. చూశాక అర్థమైంది, నేను వెనక్కి చూశాను! కుడివైపు తిప్పాను, తిరిగింది. ఎడమవైపు తిప్పాను, తిరిగింది. తలెత్తి పైకి చూస్తే చార్మినార్ నిటారుగా ఉంది. వారం రోజులుగా నా కంటికి అది వాలిపోయే కనిపించింది మరి. ఆ ఆనందంలో చొక్కా తొడుక్కుంటూ గాజుల బండ్ల మధ్య నుంచి, ఆటోల మధ్య నుంచి మొఘల్‌పురా దాకా పరుగెత్తాను. మందిరం గుమ్మంలో చెప్పులు విడవబోయి చూసుకుంటే కాళ్ళకు చెప్పులు లేవు. అవి ఆపా గుమ్మం ముందే ఉండిపోయాయి. పోనీలే, మందిరంలో అందరం వట్టికాళ్ళతోనే ఉంటాం, ఎవరికి తెలుస్తుంది అనుకుని లోపలికి వెళ్ళి డోలక్ ముందు కూర్చున్నాను.

ఆ రోజు వాయించినట్టు నేను జీవితంలో వాయించలేదు. పాటల మధ్యలో కావాలనే అటూ ఇటూ మెడ తిప్పి అందరికీ చూపించాను. అంకుల్ రాలేదు. డ్యూటీలో ఆలస్యమై ఉంటుంది, అదీ మంచిదే. మా పాస్టరు అయ్యగారు, "ఇప్పుడు మన తమ్ముడు సాక్ష్యం చెప్తడు" అన్నారు. లేచి నిలబడ్డాను. ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ నన్నే చూస్తోంది. మెడ బాగుంది. కానీ నాలుగు రోజులు ముందుగా చెప్పిన నిజం అని దారిపొడుగునా నాకు నేను చెప్పుకున్న మాట, సంఘం ముందు నిలబడగానే పెదవుల దాకా రాలేదు. "బుధవారం... మా ఇంట్ల... కూటం అయింది" అన్నాను. అక్కడే ఆగిపోయాను. నేను వేసిన బొమ్మలో భర్త ఎలా పడిపోయాడో స్పష్టంగా గుర్తొచ్చింది. తల వంచాను.

తల వంచగానే ట్యూబులైటు వెలుగు నా నడినెత్తి మీద పడిందట. గుమ్మంలోంచి ఒక ఆడగొంతు మందిరం అదిరేలా అరిచింది.

"దస్!"

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో ఆపా. ఆమె వెనక, నా చెప్పులు చేత్తో పట్టుకుని కరెంటు అంకుల్. ఆపా తన చెప్పులు విడిచి, చాపల మధ్య ఖాళీలోంచి చరచరా నడిచి వచ్చి, "హిలో మత్!" అని నా తల పట్టుకుని, జుట్టులోంచి సూది లాగి, దూదితో ఒత్తి, సూదిని చిన్న డబ్బాలో వేసి ఠక్కున మూత పెట్టింది. అప్పుడు గానీ ఊపిరి తీసుకోలేదు. "టార్చి పెట్టి కమ్రా అంత వెతికిన. చీపురు పట్టి మూలమూల ఊడ్చిన. ఈ సాబ్ బల్ల గూడ జరిపిండు. బాహర్ చెప్పులు చూపిస్తే, గాజుల డబ్బా ఎర్ర తాడుతోని కుట్టిన చెప్పు నాకు తెల్వదా, ఇవి మా డోలక్ పోరనివి అన్నడు" అని ఒక్క గుక్కలో చెప్పి, సంఘమంతా తననే చూస్తోందని అప్పుడు గమనించి, "మాఫ్ కర్నా" అని దుపట్టా సర్దుకుంది.

దాచడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. విచిత్రం ఏమిటంటే, ఆ క్షణంలో భుజాలు ఇంకో రెండంగుళాలు కిందికి జారినట్టు అనిపించింది.

"నాకు బుధవారం తక్కువ కాలే" అన్నాను. "బగారన్నం సల్లగైతదని, ఇంకోపారి ప్రార్థన అంటే భయమై, తక్కువైందని చెప్పిన. ఇయ్యాల మూడింటికి ఈ ఆపా తానికి పోయిన. ఆమెకు గూడ అబద్ధమే చెప్పిన. నా పేరు రాజు కాదు. మాది ధూల్‌పేట కాదు. నేను దర్జీని కాదు."

"దర్జీ కాదా?" అంది ఆపా, నిజంగా బాధపడి. "అయ్యో, నా సల్వార్ నీకే కుట్టనిద్దామనుకున్న కదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను మాత్రం కళ్ళు మూసుకుని పడిపోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. పడిపోలేదు. కళ్ళు తెరిస్తే కరెంటు అంకుల్ ముందుకు వస్తున్నాడు. నా చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. కొట్టడానికేనేమో అనుకున్నాను. ఆయన వాటిని మెల్లగా తలుపు పక్కన జతగా పెట్టి వచ్చి, సంఘం వైపు తిరిగాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా విన్నాను.

"అయ్యగారూ, సాక్ష్యం అంటే నాది గూడ ఒకటున్నది. బుధవారం ఈ పోరని మెడ మీద నలభై నిమిషాలు చెయ్యెత్తి పెట్టిన కదా, గప్పటికెల్లి నా భుజం లేస్తలేదు. నాలుగు దినాలైంది, ఎడమ చేత్తోని అన్నం తింటున్న. పోరనికి నయమైతే నాకు పట్టుకున్నది అని ఎట్ల చెప్పుకోవాలె? పెద్దమనిషినాయె. అందుకే నోరు మూసుకున్న." ఆపా వైపు తిరిగి, "ఆపా, ఫ్యూజేస్తాంటె నేను ఒక్క చేత్తోనే ఎందుకు ఏసిన్నో మీకు అర్థం గాలేదా?" అన్నాడు.

ఆపా అక్కడే, అందరి ముందే, బొటనవేలితో ఆయన భుజం ఒత్తింది. "యా అల్లా!" అన్నది ఆపా కాదు, కరెంటు అంకుల్. అప్పటిదాకా ఆపుకున్న నవ్వు మందిరం మొత్తం ఒక్కసారే వదిలేసింది. ఆ నవ్వుల్లోంచి అమ్మ గొంతు వినబడింది. "నాకు బుధవారమే తెల్సు. మెడ బాగైనోడు, అమ్మా కూర గిన్నె ఎడమ దిక్కు పెట్టు అంటడా? వాడే చెప్తడని చూసిన." ఆ మాటకు మాత్రం నేను నవ్వలేదు. నాలుగు రోజులు ఆమె నన్ను ఎందుకు అలా చూసిందో తెలిసి కళ్ళు తడిశాయి.

అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు పది నాణేలున్న ఇల్లాలి గురించి చెప్పారు. ఒకటి పోతే, తొమ్మిది ఉన్నాయి కదా అని ఊరుకోకుండా, దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెతికిన ఆవిడ. పుట్టినప్పటి నుంచి వింటున్న కథే. కానీ నాకు ఎప్పుడూ నాణెం వైపు నుంచి ఆలోచించాలని తట్టలేదు. పోయిన నాణేనికి తాను పోయానని తెలియదు, డోలక్ వాయించుకుంటూ మెడ తిప్పుకుంటూ కూర్చుంటుంది. వెతికే మనిషికే నిద్ర పట్టదు. చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆపా శ్రద్ధగా విని, అయ్యాక కరెంటు అంకుల్‌ని అడిగింది: "ఆ కథల ఆమెకు దొరికిందా మరి?"

"దొరికింది ఆపా. ఇరుగుపొరుగోళ్ళను, దోస్తులందర్ని పిల్చి దావత్ జేసింది."

"మరి ఇక్కడ దావత్?"

"ఛాయ్ ఉన్నది" అన్నాడు అంకుల్. తరువాతి బుధవారం అమ్మ ఆమెను పిలిచి బగారన్నం పెట్టింది, వేడివేడిది. ఆ రోజు ప్రార్థన పది నిమిషాల్లో ముగిసింది. అంకుల్ నన్ను చూసి, "ఇప్పుడు ఆకలైతే చెప్పు, సిగ్గుపడకు" అన్నాడు.

నా మెడకు జవాబు ఎవరి చేతి నుంచి వచ్చిందని తరువాత చాలామంది అడిగారు. నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనిపిస్తుంది. అడగడం బుధవారం అడిగాం. జవాబు మా మందిరం చిరునామా వెతుక్కుంటూ ఆదివారం చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. మధ్యలో దారి తప్పింది నేనొక్కడినే.

పదహారేళ్ళయింది. కరెంటు అంకుల్ రిటైరై, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటాడు. చెప్పులు వరసగా పెట్టే పని ఇప్పుడు నాది. జత తప్పుగా పెడితే కుర్చీలోంచే అరుస్తాడు, రెండు గల్లీల అవతలికి వినబడేలా. గాజుల దుకాణం మానేసి కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరాను గానీ, మెడకు అదీ ఇదీ ఒకటే. ఏడాదికి రెండుమూడుసార్లు ఆ పాత మెట్లెక్కుతాను. ఆపా చేతులు కొంచెం వణుకుతాయి, లెక్క మాత్రం వణకదు. మొన్న నడినెత్తిన సూది పెడుతూ నవ్వింది. "బేటా, ఇప్పుడు ఇది నువ్వు దాచిపెడుదామన్న దాగదు. అడవి మొత్తం సాఫ్ అయిపోయింది!" ఆమె తీస్తూ లెక్కపెడుతుంటే దిండులో మొహం పెట్టి కదలకుండా వింటాను. "దస్" అనే మాట చెవిన పడ్డాకే లేస్తాను. ముందు మెట్ల మీదుగా నిదానంగా దిగి, నా చెప్పులు నేను తొడుక్కుంటాను. కానీ ప్రతిసారీ ఒక్క క్షణం ఆ వెనక తలుపు వైపు చూస్తాను. ఆ ఒత్తు జుట్టు కుర్రాడు చొక్కా చేతపట్టుకుని, రెండేసి మెట్లు దూకుతూ, వట్టికాళ్ళతో ఇంకా పరుగెత్తుతూనే ఉన్నట్టు ఉంటుంది. పిలిచి చెప్పాలనిపిస్తుంది: ఆగరా నాయనా, ఇంకొకటుంది.